ఎస్-5: ఒక వాల్వ్, నలభై ప్రాణాలు, పంతొమ్మిదేళ్ల మరుపు

జలాంతర్గామి ప్రమాదం వార్తల్లోకి వచ్చిన ప్రతిసారీ మన చర్చ రెండు మాటల చుట్టూనే తిరుగుతుంది. ఒకటి, "మానవ తప్పిదం". రెండు, మునిగిన జలాంతర్గామిలోంచి మనుషుల్ని కాపాడే, ఎప్పుడోగాని అవసరం పడని నౌకలకి అంత డబ్బు దేనికని. 2018 జనవరిలో, వెనకవైపు హాచ్, అంటే లోపలికి దిగే తలుపు, మూయకపోవడంతో మన అణు జలాంతర్గామి అరిహంత్‌లోకి నీళ్లు చేరాయని పత్రికల్లో కథనాలు వచ్చాయి. ప్రభుత్వం వాటిని ధ్రువీకరించలేదు. కానీ అప్పుడూ జనం నోట మొదట వినపడింది ఆ రెండు మాటల్లో మొదటిదే. ఎవరో మరిచిపోయారట అనుకోవడంతో కథ అయిపోయింది.

ఎస్-5 కథ చదవాల్సింది ఇలాంటప్పుడే. జలాంతర్గాములు ఎలా పుట్టాయి, మొదటి ప్రపంచ యుద్ధంలో ఏం చేశాయి అన్నవి చాలామందికి తెలిసిన సంగతులే, వాటిని వదిలేసి నేరుగా 1920 సెప్టెంబర్ 1 మధ్యాహ్నానికి వెళ్దాం.

అమెరికా నౌకాదళానికి చెందిన ఎస్-5 అప్పటికి ఆరు నెలల పడవ. పొడవు 231 అడుగులు, కమాండర్ చార్లెస్ కుక్. బోస్టన్ నుంచి బాల్టిమోర్ వెళ్తూ, దారిలో డెలావేర్ తీరానికి దూరంగా అట్లాంటిక్‌లో పరీక్షలు చేస్తున్నారు. రెండు గంటలకి క్రాష్ డైవ్ మొదలైంది. అంటే పైన తేలుతూ పోతున్న పడవని వీలైనంత తొందరగా నీళ్లలో ముంచడం.

మొత్తం కథకి మలుపు ఇక్కడే ఉందని నా నమ్మకం. పడవ పైన ఉన్నంతసేపూ ఇంజన్లకీ, లోపలి మనుషులకీ గాలి ఒక పెద్ద గొట్టం గుండా వస్తుంది. ఆ గొట్టానికి మూత లాంటిది మెయిన్ ఇండక్షన్ వాల్వ్. మునిగేలోపు అది మూతపడాలి. మరీ ముందే మూసేస్తే, ఇంకా తిరుగుతున్న ఇంజన్లు లోపలున్న గాలినే లాగేస్తాయి. అందుకని ఆ రోజుల్లో ఒక పద్ధతి ఉండేది. పడవ బరువు పెంచి ముంచే ట్యాంకుల్లోకి నీళ్లు వదలడం మొదలుపెట్టేవారు, ఇంజన్లు పూర్తిగా ఆగేదాకా చూసేవారు, ఆ తర్వాతే వాల్వ్ మూసేవారు. పడవ మునగడం మొదలైపోయింది, పైన మూత ఇంకా తెరిచే ఉంది. ఆ కొద్ది క్షణాలూ అందరి ప్రాణాలూ లివర్ దగ్గర నిలబడ్డ ఒకే ఒక్క మనిషి చేతిలో ఉంటాయి. అది తప్పేమీ కాదు, రోజూ జరిగే పనే.

విశాఖ బీచ్‌లో మ్యూజియంగా మార్చిన జలాంతర్గామి కుర్సుర లోపలికి వెళ్లొచ్చినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. తల వంచుకుని, ఒకరి వెనక ఒకరు నడవాలి. తలపైన, పక్కన, ఎటు చూసినా చక్రాలు, గొట్టాలు, డయల్స్. కుర్సుర చాలా తర్వాతి కాలపు పడవ. ఎస్-5 అంతకన్నా ఇరుకు. అలాంటి చోట, ఆర్డర్లు వరసగా వినపడుతుంటే, ఆ మనిషి దృష్టి మరో నావికుడి మీదకి ఒక్క క్షణం మళ్లింది. వెంటనే గుర్తొచ్చి లివర్‌ని పట్టుకుని గట్టిగా లాగాడు. వాల్వ్ మూతపడలేదు. తెరిచి ఉన్నది ఉన్నట్టే ఇరుక్కుపోయింది.

నీళ్లు గొట్టం గుండా లోపలికి దూకాయి. మిగతా గదుల్లో ఆ గొట్టానికి ఉన్న చిన్న వాల్వులని మూయగలిగారు. ముందు భాగంలోని టార్పెడో గదిలో మాత్రం కుదరక, అక్కడివాళ్లు బయటికి వచ్చి తలుపు బిగించారు. ముక్కు బరువెక్కిన పడవ సుమారు 180 అడుగుల లోతున అడుగుకి ఆనింది.

వెనక ట్యాంకుల్లోని నీళ్లని గాలి ఒత్తిడితో బయటికి నెట్టించాడు కుక్. తోక తేలికై ఒక్కసారిగా లేచింది. పడవ 60 డిగ్రీలకి దగ్గరగా నిలువుగా నిలబడిపోయింది. నేల గోడయింది. మనుషులూ సామానూ ముందు వైపుకి జారిపడ్డారు, వెనకెక్కడో ఉన్న నీళ్లు బ్యాటరీల మీదకి దొర్లాయి. బ్యాటరీలకి ఉప్పునీళ్లు తగిలితే పుట్టేది క్లోరిన్. ఆ గదిలోవాళ్లని పైకి లాక్కుని ఆ తలుపూ మూసేశారు.

అప్పుడు చిన్న లెక్క ఒకటి వాళ్లని బతికించింది. సముద్రం లోతు 180 అడుగులు, పడవ పొడవు 231. ఇంత ఏటవాలుగా నిలబడితే తోక నీళ్లపైన ఉండి తీరాలి! చివరి గదిదాకా పాక్కుంటూ ఎక్కి, లోపలి నుంచి ఉక్కు మీద తట్టి చూశారు. బయట నీళ్లున్న చోట ఒక శబ్దం, గాలి ఉన్న చోట ఇంకో శబ్దం. దాదాపు 17 అడుగుల తోక పైకి తేలి ఉందని తేల్చుకున్నారు. ఉన్న చిన్న డ్రిల్లులతోనే వంతులవారీగా ఆ ఉక్కుని తొలవడం మొదలుపెట్టారు. గాలి తగ్గుతోంది, చీకటి, తల తిరుగుడు. ఒక్కొక్కరూ కొద్దిసేపటికే చేతులెత్తేసేవారు, తర్వాతివాడు డ్రిల్లు అందుకునేవాడు. గంటల తరబడి తొలిచాక వచ్చింది మూడంగుళాల రంధ్రం. అందులోంచి మనిషి రాలేడు, మాట మాత్రం వెళ్తుంది.

ఒక గొట్టానికి చొక్కా కట్టి ఆ రంధ్రంలోంచి బయటికి పెట్టి ఊపారు. రెండో రోజు మధ్యాహ్నం అలాంథస్ అనే చెక్క ఓడ అటువైపు వచ్చింది. ఆ కెప్టెన్ దగ్గరికొచ్చి పద్ధతి ప్రకారం అడిగాడు: ఏ ఓడ? "ఎస్-5." ఏ దేశం? "అమెరికా." ఎక్కడికి ప్రయాణం? లోపలి నుంచి కుక్ చెప్పిన జవాబు: "దిక్సూచి చూపిస్తున్న దారిన నరకానికి."

అలాంథస్‌లో రేడియో లేదు. పడవ తోకని తాళ్లతో తన ఓడకి కట్టుకుని, లోపలికి గాలి పంపు చేయించి, ఇంకో ఓడ కోసం జెండాలు ఎగరేశాడు ఆ కెప్టెన్. సాయంత్రానికి జనరల్ గోథల్స్ అనే ఓడ చూసి ఆగింది. దాని చీఫ్ ఇంజనీర్ విలియం గ్రేస్ తోక మీద కూర్చుని రంధ్రం పక్కన రంధ్రం వేసుకుంటూ పోయాడు. అర్ధరాత్రి దాటాక ఒక ఉక్కు పలక ఊడొచ్చింది. ఒక్కొక్కరూ అందులోంచి బయటికి వచ్చారు, చివరగా కుక్. మునిగిన దాదాపు 37 గంటలకి నలభై మందికి నలభై మందీ ప్రాణాలతో ఉన్నారు.

క్లుప్తంగా చెప్పేవాళ్లు ఈ ప్రమాదాన్ని ఒక్క వాక్యంలో ముగిస్తారు: నావికుడు వాల్వ్ మూయడం మరిచాడు. అందులో అబద్ధం లేదు. కానీ అతను మరిచింది కొన్ని క్షణాలే. గుర్తొచ్చాక చేయవలసిన పనే చేశాడు. గట్టిగా లాగితే ఇరుక్కుపోయే వాల్వ్‌ని అతను తయారు చేయలేదు. మూత తెరిచి ఉండగా పడవని ముంచే వరసని అతను రాయలేదు. వాల్వ్ మూతపడితే తప్ప ట్యాంకుల్లోకి నీళ్లు పోకుండా అడ్డుకునే ఏర్పాటు లేకపోవడమూ అతని నేరం కాదు. కంగారులో ఉన్న మనిషి లివర్‌ని గట్టిగా కాక మెల్లగా లాగుతాడా?

అందరూ బతికి రావడం గొప్ప సంగతి. కష్టంగానే రాస్తున్నాను, ఆ వాల్వ్, ఆ వరస ఎందుకలా ఉన్నాయన్న ప్రశ్న మరుగున పడటానికి కారణం కూడా అదే. జనానికి గుర్తుండిపోయింది చొక్కా జెండా, కుక్ జవాబు. తోక పైకి లేవడం అదృష్టం. సముద్రం ఇంకో వంద అడుగులు లోతుగా ఉంటే ఆ రోజు చెప్పుకోవడానికి కథే ఉండేది కాదు.

అదృష్టం కలిసిరాకపోతే ఏమవుతుందో తర్వాత చూశారు. 1925లో ఎస్-51ని ఒక ఓడ ఢీకొంది, 36 మందిలో ముగ్గురే మిగిలారు. దాన్ని వెతకడానికి వెళ్లిన ఎస్-1 కమాండర్ చార్లెస్ మామ్‌సెన్, మునిగిన పడవ హాచ్ మీదకి దించి మనుషుల్ని తెచ్చే గంట లాంటి గది కావాలని ప్రతిపాదించాడు. అది ఆఫీసు ఫైళ్లలోనే ఆగిపోయింది. 1927 డిసెంబర్‌లో ఎస్-4 మునిగింది, నలభై మంది పోయారు. వాళ్లలో ఆరుగురు ముందు గదిలో రోజుల తరబడి బతికే ఉన్నారు. సుత్తితో తడుతూ, దిగివచ్చిన డైవర్లని ఆశ ఏమైనా ఉందా అని అడిగారు. కేవలం 102 అడుగుల లోతు. పైన తుఫాను, చేతిలో సాధనం లేదు. మామ్‌సెన్ ఆలోచనకి డబ్బులు వచ్చింది ఆ తట్టుడు విన్న తర్వాతే.

1939 మే 23. అమెరికా జలాంతర్గామి స్క్వాలస్, లోపల 59 మంది. ఎస్-5 కట్టిన పోర్ట్స్‌మత్ యార్డులోనే కట్టిన కొత్త పడవ. వాల్వులు మూతపడ్డాయని చెప్పే బోర్డు మీద దీపాలన్నీ ఆకుపచ్చగానే వెలిగాయి. మునుగుతుండగా ఇంజన్ గదుల్లోకి నీళ్లు దూకాయి, అదే మెయిన్ ఇండక్షన్ వాల్వ్ గుండా. పంతొమ్మిదేళ్ల క్రితపు దారే. ఈసారి మరిచిన చెయ్యి ఏదీ లేదు. 26 మంది నీళ్లలో చనిపోయారు. మిగిలిన 33 మందినీ సుమారు 240 అడుగుల లోతు నుంచి, మామ్‌సెన్ మొదలుపెట్టగా అలెన్ మెకాన్ పూర్తి చేసిన ఆ గదిలో, నాలుగు విడతల్లో పైకి తెచ్చారు.

ఖర్చు ప్రశ్న అడిగేవాళ్ల మాటలోనూ కొంత నిజముంది. 2021 ఏప్రిల్‌లో ఇండోనేషియా జలాంతర్గామి నంగ్గాలా గల్లంతైనప్పుడు విశాఖ నుంచి మన డీఎస్‌ఆర్‌వీ, అంటే మునిగిన జలాంతర్గామి దగ్గరికి దిగి మనుషుల్ని తెచ్చే చిన్న పడవ, బయలుదేరింది. అది 650 మీటర్ల దాకా పనిచేస్తుంది. నంగ్గాలా 800 మీటర్లకి పైగా లోతున ముక్కలై దొరికింది, 53 మంది పోయారు. కానీ మనకి మొదటి జలాంతర్గామి 1967లో వస్తే, సొంత డీఎస్‌ఆర్‌వీ వచ్చింది 2018లో. దాన్ని మోసుకెళ్లడానికి హిందుస్థాన్ షిప్‌యార్డ్ కట్టిన నిస్తార్ అనే ఓడ నౌకాదళంలో చేరింది 2025 జులైలో. యాభై ఏళ్లకి పైగా మనం కూడా తోక పైకి లేస్తుందన్న నమ్మకంతోనే గడిపాం.

ఎస్-5ని తీరానికి లాక్కెళ్తుండగా తాడు తెగి మళ్లీ మునిగింది. 2001లో సర్వే చేసినవాళ్లకి దాని శిథిలం కనపడింది. గ్రేస్ ఊడదీసిన ఉక్కు పలక మ్యూజియానికి చేరింది, చూడటానికి జనం వెళ్లారు. ఇరుక్కుపోయిన వాల్వ్ పడవతోపాటే అట్లాంటిక్ అడుగున ఉంది.