యుద్ధ నేరాలు: పెద్దవాళ్లకు శిక్ష పడుతుందా?

హన్మకొండ కోర్టులో క్రిమినల్ కేసులు చూస్తాను. టీవీలో యుద్ధం వార్తలు వచ్చినప్పుడల్లా టీ దగ్గర తోటి వకీళ్ల నోట కూడా ఈ మాటలే వింటుంటాను.

అపోహ: పెద్దవాళ్లను ఏ కోర్టూ ఏమీ చేయలేదు.

వాస్తవం: లైబీరియా అధ్యక్షుడిగా చేసిన చార్లెస్ టేలర్‌కు 2012లో 50 ఏళ్ల శిక్ష పడింది. పక్కనున్న సియెర్రా లియోన్‌లో ఊచకోతలు జరిపిన తిరుగుబాటుదారులకు అతను సాయం చేశాడని రుజువైంది. అందరూ దొరుకుతారని మాత్రం అనను. హేగ్‌లోని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుకు సొంత పోలీసులు లేరు. 2023లో పుతిన్‌ మీద ఇచ్చిన వారెంటు అమలు కాలేదు. మన దేశమూ ఆ కోర్టులో చేరలేదు.

అపోహ: పైనుంచి ఆర్డరొస్తే సిపాయి తప్పు లేదు.

వాస్తవం: నాజీ నాయకుల విచారణకు రాసుకున్న 1945 న్యూరెంబర్గ్ చార్టర్‌ నాడే ఈ సాకు చెల్లదన్నారు. మహా అయితే శిక్ష తగ్గవచ్చు.

అపోహ: కోర్టులు దండగ, దెబ్బకు దెబ్బ తీస్తేనే న్యాయం.

వాస్తవం: సిద్దిపేట జిల్లా బైరాన్‌పల్లి బురుజు దగ్గర నిలబడితే నాకూ రక్తం మరుగుతుంది. 1948 ఆగస్టు 27న నిజాం వైపు నిలిచిన సాయుధ దళం రజాకార్లు, నిజాం బలగాలు అక్కడ 90 మందికి పైగా చంపారు. మూడు వారాలకు, భారత సైన్యం 'పోలీసు యాక్షన్' పేరుతో దిగాక, నిజాం లొంగిపోయాడు. మరి పగ ఎవరి మీద తీరింది? పోలీసు యాక్షన్‌లో, ఆ తర్వాత కనీసం 27,000 నుంచి 40,000 మంది చనిపోయారని నెహ్రూ ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఎక్కువగా మామూలు ముస్లింలే. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అన్నిటికన్నా ఎక్కువ నష్టపోయాయి. రజాకార్ల నాయకుడు కాశిం రజ్వీ మాత్రం 1957 దాకా జైల్లో ఉండి, బయటికొచ్చి పాకిస్తాన్ వెళ్లిపోయాడు. నిజాం 1950లో రాజప్రముఖ్, అంటే గవర్నర్ లాంటి పదవిలో, అయ్యాడు. ఏ నేరమూ చేయని రైతు, చిన్న వ్యాపారి ప్రాణాలు పోగొట్టుకున్నారు. కమిటీ రిపోర్టేమో దశాబ్దాల పాటు జనం కంట పడలేదు. అందుకే నేను పేరు పేరునా నేరం రుజువు చేయాలనే పద్ధతిని పట్టుకుని వేలాడతాను.

అపోహ: ఇన్నేళ్లయ్యాక కేసేంటి?

వాస్తవం: అంతర్జాతీయ చట్టంలో యుద్ధ నేరానికి కాలపరిమితి లేదు. నాజీ క్యాంపులో టైపిస్టుగా చేసిన 97 ఏళ్ల ముసలామెను 2022లో జర్మనీ కోర్టు దోషిగా తేల్చింది. అలాంటి కేసు నిలబడాలంటే సాక్ష్యం మిగలాలి. 1948ని కళ్లారా చూసిన అవ్వో తాతో, ఏ మతం వాళ్లైనా, మీ ఇంట్లో ఉంటే వాళ్ల మాటలు ఈ వారమే ఫోన్లో రికార్డు చేయండి. ముందుగా ఊరు, రోజు, పక్కనున్న వాళ్ల పేర్లు అడగండి. కళ్లతో చూసింది వేరుగా, విన్నది వేరుగా చెప్పించండి.