నటుడి అహం, నటుడి మనసు: అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో నాటకాలు ఆడిస్తూ, పిల్లలకు నటన నేర్పుతుంటాను. ‘ఈ డైలాగ్ ఎట్ల చెప్పాలె సార్?’ అని అడిగేవాళ్ల కంటే ‘మనసు బాగుంటలేదు సార్’ అనేవాళ్లే ఈమధ్య ఎక్కువయ్యారు. వాళ్ల నోట తరచూ వినే మాటలివి.

అపోహ: ఆడిషన్‌లో తీసుకోలేదంటే నటన రానట్టే.

వాస్తవం: ఎత్తు, వయసు, గొంతు, హీరో పక్కన అన్నలా ఉన్నాడా తమ్ముడిలా ఉన్నాడా, డేట్లు కుదురుతాయా... వీటిలో ఏది తప్పినా పిలుపు రాదు. ఒక్కోసారి నటన సంగతి చర్చకే రాదు. కాజీపేటలో రైలెక్కి, సినిమావాళ్లుండే హైదరాబాద్ కృష్ణానగర్ పోయొచ్చిన పిల్లవాడికి ఇవేవీ కనిపించవు. వేరే వ్యాపారాల్లో సరుకు వద్దంటారు, ఇక్కడ సరుకు మన మొహమే. అందుకే అంత నొప్పి. స్నానానికి పోయినా ఫోన్ వెంటే ఉంటుంది, ఎప్పుడు మోగుతుందోనని. వాళ్లకు నేనొకటే చెప్తాను: ఆడిషన్ వీడియో పంపిన రాత్రే, ఏం బాగా చేశావో ఎక్కడ తడబడ్డావో నోట్‌బుక్‌లో రాసెయ్. జవాబొచ్చాక రాస్తే నీ పనిని నువ్వు వాళ్ల కళ్లతోనే చూస్తావు.

అపోహ: పొగరు లేనిదే ఆర్టిస్టు కాలేడు.

వాస్తవం: నలుగురి ముందు నిలబడాలంటే ధీమా కావాలి, ఒప్పుకుంటాను. అది పొగరుగా ఎప్పుడు మారిందో ఎదుటివాడి డైలాగ్ నడుస్తున్నప్పుడు తెలిసిపోతుంది. పొగరున్నవాడు వినడు, తన వంతు కోసం కాచుకుని ఉంటాడు. మన ఒగ్గుకథనే చూడండి. ప్రధాన కథకుడు ఎంత పేరున్నవాడైనా, డోలు వాయించేవాళ్లు, మాట అందుకునేవాడు లేకుంటే కథ ముందుకు పోదు.

అపోహ: సొంత బాధ తవ్వుకుంటేనే ఏడుపు సీను పండుతుంది.

వాస్తవం: దీనికి నటన పాఠాలు చెప్పిన రష్యా నాటక దర్శకుడు స్తానిస్లావ్‌స్కీ పేరు చెప్తారు. జ్ఞాపకాల్లోంచి భావం తెచ్చుకోవడం ఆయన చెప్పిందే, కాదనను. కానీ చివరి సంవత్సరాల్లో ఆయనే శారీరక చర్యల వైపు మళ్లాడు. గ్లాసు ఎట్లా పట్టుకున్నావు, తలుపు ఎట్లా వేశావు, భావం అందులోంచే పుడుతుంది. నాన్న పోయిన రోజును టేకు టేకుకూ వాడుకుంటే, ప్యాకప్ అయ్యాక కూడా ఆ రోజు వదలదు. మా దగ్గర బరువైన సీను అయ్యాక కొబ్బరినూనెతో మేకప్ తీసి, సొంత పేర్లతో పిలుచుకుని, చాయ్ తాగాకే ఇంటికి. చూసినవాళ్లు నవ్వుతారు, నవ్వనీ.

అపోహ: ఒక పెగ్గు వేస్తే టెన్షన్ పోతుంది.

వాస్తవం: నిద్ర పట్టినట్టే ఉంటుంది, నడిరాత్రి మెలకువ వస్తుంది. మద్యం నిద్రను ముక్కలు చేస్తుంది.

అపోహ: డాక్టర్ దగ్గరికి పోతే పిచ్చోడంటారు, ఛాన్సులు పోతాయి.

వాస్తవం: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలి. దిగులు, నిద్రలేమి, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం రెండు వారాలు దాటితే వరంగల్ ఎంజీఎం ప్రభుత్వాసుపత్రిలో సైకియాట్రీ వాళ్లకు చూపించుకోవచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉంది, ఉచితం, 24 గంటలూ తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం రెండు వారాల లెక్క వద్దు. ఇంట్లో ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని, అప్పటికప్పుడు ఫోన్ చేయండి.