మీటరు తక్కువ చూపితే చాలా? వాడిన స్పోర్ట్స్ కారు కొనేవారి అపోహలు, వాస్తవాలు

వాడిన స్పోర్ట్స్ కార్లను కొనుగోలుకు ముందు తనిఖీ చేసి నివేదిక ఇవ్వడం నా వృత్తి. నన్ను సంప్రదించేవారిలో చాలామంది కారు ఫొటో కన్నా ముందు ఓడోమీటర్ ఫొటో పంపిస్తారు. "పదేళ్ల కారండీ, పన్నెండు వేల కిలోమీటర్లే తిరిగింది, ఇంకేం చూడాలి?" అన్న ప్రశ్న దాదాపు ప్రతి సంభాషణలోనూ ఎదురవుతుంది. ఈ రాతలో ఎక్కువ భాగం ఆ ఒక్క ప్రశ్నకే కేటాయిస్తున్నాను. మిగిలిన అపోహల వల్ల మహా అయితే ఒక మంచి కారు చేజారుతుంది, ఇంకొకటి వెతుక్కోవచ్చు. ఈ అపోహ మాత్రం బలహీనమైన కారుకు ఎక్కువ ధర కట్టిస్తుంది.

అపోహ: తక్కువ తిరిగిన కారు తక్కువ అరిగి ఉంటుంది.

వాస్తవం: తిరగడం వల్ల అరిగే భాగాలు కొన్ని, కాలం గడిచేకొద్దీ పాడయ్యేవి మరికొన్ని. తయారీదారుల సర్వీస్ షెడ్యూలును ఒకసారి తెరిచి చూడండి. దాదాపు ప్రతి అంశం ఎదుటా ఇన్ని కిలోమీటర్లు లేదా ఇన్ని సంవత్సరాలు, ఏది ముందు వస్తే అది అని ఉంటుంది. కొనేవారు ఆ వాక్యంలో మొదటి సగమే చదువుతారు.

బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కారు నడిచినా, కదలకుండా నిలబడినా పీల్చుకుంటూనే ఉంటుంది. తేమ చేరినకొద్దీ అది మరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది, చక్రం దగ్గర బ్రేకును నొక్కే కాలిపర్ పిస్టన్లకు లోపలి నుంచి తుప్పు మొదలవుతుంది. అందుకే చాలా కార్లలో దాన్ని 2 సంవత్సరాలకొకసారి మార్చమంటారు. ఆయిల్ సీళ్లు, కూలెంట్ గొట్టాలు, సస్పెన్షన్ బుష్‌లు, ఇంజిన్ మౌంట్లు రబ్బరుతో చేసినవి కనుక వయసుతోనే గట్టిపడి పగుళ్లిస్తాయి. ఆయిల్ తరచూ తగిలే సీలు కొంత మెత్తదనం నిలుపుకుంటుంది, నెలల తరబడి ఆగిపోయిన ఇంజిన్‌లో అదే సీలు ఎండిపోతుంది. టైర్లలో గాడులు నిండుగా కనిపించినంత మాత్రాన సరిపోదు. పక్క గోడ మీద డాట్ కోడ్ చివరి నాలుగు అంకెల్లో మొదటి రెండూ వారాన్ని, తరువాతి రెండూ సంవత్సరాన్ని చెబుతాయి. 2314 అని ఉంటే అది 2014లో 23వ వారంలో తయారైన టైరు. చూడటానికి కొత్తదే, రబ్బరు మాత్రం రాయిలా బిగిసి ఉంటుంది. వందల హార్స్‌పవర్ల కారును తడి రోడ్డు మీద పట్టి ఉంచవలసింది ఆ టైరే.

"నెలకొకసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచుతున్నాను" అని అమ్మేవారు గర్వంగా చెప్పినప్పుడు నాకు ఆందోళన ఇంకాస్త పెరుగుతుంది. పది నిమిషాల్లో కూలెంట్ ముల్లు కదులుతుందే తప్ప ఆయిల్ పూర్తిగా వేడెక్కదు. లోపల పేరుకున్న నీటి ఆవిరి బయటకు పోదు, కాలని పెట్రోలు కొంత ఆయిల్‌లో కలుస్తుంది, సైలెన్సర్‌లో నీరు నిలుస్తుంది. అలా స్టార్ట్ చేయడం కన్నా పద్ధతిగా నిలిపి ఉంచడమే ఇంజిన్‌కు మేలు.

ఈ లెక్క అన్నిటికన్నా కఠినంగా కనిపించేది ఇంజిన్ వాల్వులను సరైన సమయానికి కదిలించే టైమింగ్ బెల్టు ఉన్న కార్లలో. 1990ల నాటి ఫెరారీ ఎఫ్355లో ఆ బెల్టులు మార్చాలంటే ఇంజిన్‌ను కారు నుంచి కిందికి దించాలి. తరువాత వచ్చిన ఫెరారీ 360లో సీట్ల వెనుక ఉన్న పలకను తీసి లోపలి నుంచే మార్చవచ్చు, ఎఫ్430 నాటికి బెల్టుల స్థానంలో చెయిన్లు వచ్చాయి. బెల్టు కారు తిరిగినా తిరగకపోయినా గడువు తీరితే మార్చవలసిందే, ఎందుకంటే అది తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజిన్ మొత్తం పోతుంది. "అసలు తిరగనే లేదు కదా, ఇప్పుడే మార్చడం ఎందుకు?" అని యజమాని వాయిదా వేసిన ఎఫ్355ను తక్కువ కిలోమీటర్ల కారుగా ఎక్కువ ధరకు కొన్నవారు, ఇంజిన్ దించే ఖర్చును కూడా కలిపి కొన్నట్టే.

ఒక పెద్దమనిషి ఒకే మోడల్, ఒకే సంవత్సరానికి చెందిన రెండు కార్లలో ఏది కొనాలో తేల్చుకోలేక రెండింటినీ నాకు చూపించారు. మొదటిది కవరు కింద దాచిన కారు. రెండోది దానికి మూడు రెట్లకు పైగా తిరిగింది, దానితోపాటు బిల్లుల ఫైలు ఒకటి లావుగా వచ్చింది. లిఫ్టు మీదికి ఎక్కించాక మొదటి దాంట్లో ఇంజిన్‌కూ గేర్ బాక్స్‌కూ మధ్య ఆయిల్ చెమ్మ కనిపించింది, బ్రేక్ ఫ్లూయిడ్ డికాషన్ రంగుకు తిరిగింది, టైర్లు కారుతోపాటు ఫ్యాక్టరీ నుంచి వచ్చినవే. రెండో దానికి డ్రైవరు సీటు అంచు నలిగింది, ముందు భాగమంతా రాళ్ల దెబ్బలే, కింద మాత్రం పొడిగా శుభ్రంగా ఉంది. నేను రెండోదే మేలన్నాను. ఆయన కాస్త నొచ్చుకున్నారు. ఎక్కువ తిరిగిన కారును రేపు ఎవరూ కొనరని స్నేహితుడెవరో చెప్పారట. ఆ మాట పూర్తిగా అబద్ధమని నేను అనను. నడపకుండా అట్టేపెట్టుకుని తిరిగి అమ్మాలనుకునేవారికి తక్కువ అంకెకు ధర పలుకుతుంది, వారి లెక్క వేరు. ఈయన ప్రతి వారాంతమూ నడపాలనుకున్న మనిషి. చివరికి మొదటి కారే కొన్నారు, బేరంలో తగ్గించుకున్న సొమ్ము ఆ ఏడాదిలోనే సీళ్లకూ గొట్టాలకూ టైర్లకూ సరిపోయింది.

కాబట్టి మొత్తం ఎన్ని కిలోమీటర్లని అడగడం మాని, ఏ సంవత్సరం ఎన్ని తిరిగిందో అడగండి. ప్రతి సర్వీస్ బిల్లు మీదా తేదీ, ఓడోమీటర్ అంకె రెండూ ఉంటాయి. వాటిని వరుసగా ఒక కాగితం మీద రాసుకుంటే కారు ఎక్కడ మూలన పడిందో, ఎక్కడ అంకె వెనక్కి వెళ్లిందో అదే బయటపడుతుంది. సర్వీస్ పుస్తకంలోని ముద్రలు ఎవరైనా వేయించుకోగలరు, మార్చిన విడిభాగాల పేర్లున్న బిల్లును సృష్టించడం అంత సులువు కాదు. ఇటీవలి కార్లు చాలావాటిలో తిరిగిన దూరం డాష్‌బోర్డులోనే కాక ఇతర కంట్రోల్ యూనిట్లలోనూ నమోదవుతుంది కనుక స్కానర్‌తో పోల్చి చూడమని తనిఖీ చేసేవారిని అడగవచ్చు.

అపోహ: ఫలానా మోడల్ ఇంజిన్ ఎప్పుడు పేలుతుందో చెప్పలేమట.

వాస్తవం: ఈ "అట" మీద నాకు ఓపిక లేదు. పోర్షె ఐఎంఎస్ బేరింగ్ కథ వినని కొనుగోలుదారు ఉండరు. అది కల్పితం కాదు, 1990ల చివరి నుంచి వచ్చిన బాక్‌స్టర్, 911 కరెరా కార్లలో ఇంజిన్ లోపలి ఇంటర్మీడియట్ షాఫ్ట్ (ఐఎంఎస్) అనే ఇరుసును పట్టి ఉంచే బేరింగ్ విఫలమై ఇంజిన్లు పోయాయి. అయితే అదే కాలపు 911 టర్బో, జీటీ3 కార్లలోని ఇంజిన్ వేరు, వాటికి ఈ సమస్య లేదు. 2006 ప్రాంతంలో బేరింగ్ పరిమాణం పెంచాక వైఫల్యాలు అరుదయ్యాయి. 2009 మోడల్ 911కు వచ్చిన కొత్త ఇంజిన్‌లో ఆ షాఫ్టే లేదు. ఇంత తేడా ఉన్నప్పుడు "911 అంటే భయం" అనడంలో అర్థం లేదు.

భయపడుతున్నవారిని నేను తప్పుపట్టను. ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ముతో కలల కారు కొనబోయే మనిషికి అర్ధరాత్రి చదివిన ప్రతి వాక్యమూ తన కారు గురించే రాసినట్టు అనిపిస్తుంది. అలాంటివారికి నేను చెప్పేది, మోడల్ పేరు పక్కన పెట్టి సంవత్సరమూ ఇంజిన్ రకమూ రాసుకుని, ఆ లోపాన్ని ఏ పరీక్షతో పట్టుకోవచ్చో తెలుసుకోమని. 911లో సిలిండర్ గోడల గీతలు అనుమానిస్తే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంపు విప్పి కింది నుంచి బోరోస్కోప్ అనే సన్నని కెమెరా పెట్టి చూస్తారు. ఇ46 తరం బీఎండబ్ల్యూ ఎం3లో వెనుక సస్పెన్షన్‌ను మోసే సబ్‌ఫ్రేమ్ బిగించే చోట ఫ్లోర్ పగిలిందా లేదా అన్నది లిఫ్టు మీద కనిపిస్తుంది. మాజ్డా ఆర్ఎక్స్-8లో పిస్టన్ల బదులు త్రికోణాకారపు రోటరు తిరిగే రోటరీ ఇంజిన్‌కు, లోపలి ఒత్తిడిని కొలిచే మామూలు కంప్రెషన్ గేజి పనికిరాదు, రోటరు మూడు ముఖాలనూ విడివిడిగా కొలిచే పరికరం కావాలి. అన్నట్టు, ఆ ఇంజిన్ కొంత ఆయిల్ తాగడం దాని నిర్మాణంలోనే ఉంది, దాన్ని జబ్బుగా లెక్కపెట్టకండి.

అపోహ: ఇంజిన్ హద్దు మీరి తిరగకుండా ఇంధనం ఆపే రెవ్ లిమిటర్ ఉండగా ఇంజిన్‌కు ఎవరూ హాని చేయలేరు.

వాస్తవం: లిమిటర్ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు మాత్రమే కాపాడుతుంది. మాన్యువల్ కారులో నాలుగో గేరు బదులు పొరపాటున రెండోది పడితే చక్రాలే ఇంజిన్‌ను తిప్పేస్తాయి, ఇంధనం ఆపి లాభం లేదు. పోర్షె వంటి కొన్ని కార్ల ఇంజిన్ కంప్యూటర్ ఇలాంటి ఘటనలను ఇంజిన్ వేగపు శ్రేణులవారీగా నమోదు చేస్తుంది. ఆ నివేదిక తీయించకుండా బేరం ముగించకండి.

అపోహ: రేస్ ట్రాక్ మీద తిరిగిన కారును ముట్టుకోకూడదు, మళ్లీ రంగు వేశారంటే ప్రమాదం జరిగినట్టే.

వాస్తవం: ట్రాక్ యజమానులు కొందరు ఆయిల్, ఫ్లూయిడ్ గడువుకన్నా ముందే మార్చేస్తారు, వారి బిల్లులు చూసి నిర్ణయించండి. కార్బన్ సెరామిక్ బ్రేకులుంటే డిస్కు మందం ఒక్కటే చాలదు, దాని మీద ముద్రించిన కనీస బరువుతో పోల్చి చూడాలి. ఇక నేలకు దగ్గరగా ఉండే కారు ముందు భాగానికి మళ్లీ రంగు పడటం మామూలే, చూడవలసింది లోపలి చాసిస్ పట్టీల వెల్డింగునూ బోల్టుల తలలనూ.

అపోహ: ఒకసారి నడిపి చూస్తే చాలు.

వాస్తవం: వేడి ఇంజిన్ చాలా లోపాలను దాచిపెడుతుంది. మీరు వెళ్లేసరికి బానెట్ గోరువెచ్చగా ఉంటే ఆ రోజుకు నమస్కారం పెట్టి, మరునాడు ఉదయం మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయవద్దని కోరండి. మొదటి అర నిమిషంలో చెయిన్ శబ్దం, వాల్వుల టకటక, సైలెన్సర్ నుంచి వచ్చే నీలిరంగు పొగ తెలిసిపోతాయి. ఆ తరువాత ఆయిల్ వేడెక్కేదాకా నిదానంగానే నడపండి. అమ్మే మనిషి పక్కన కూర్చుని "ఫరవాలేదు, తొక్కండి" అంటే, ఇన్నేళ్లూ ఆయన ఆ ఇంజిన్‌ను ఎలా నడిపారో మీ నివేదికలో రాసుకోండి.