జీతం లేదు కదా, విజిట్ వీసా చాలదా? విదేశీ శాంతి సంస్థల్లో ఇంటర్న్‌షిప్: అపోహలు - వాస్తవాలు

యూకేలో భాగమైన ఉత్తర ఐర్లండ్‌లో శాంతి, సయోధ్యల కోసం పనిచేసే సంస్థలు కొన్ని బయటి దేశాల యువతను కూడా ఏడాది పాటు తీసుకుంటాయి. తిండి, వసతి, కొంచెం పాకెట్ మనీ ఇస్తారు. మన పిల్లలకు అలాంటి ఆఫర్ రాగానే ఇంట్లో అందరూ అడిగే మొదటి ప్రశ్న పైన టైటిల్‌లో ఉన్నదే. ఈ ఒక్క అపోహ వల్ల పోయినంత డబ్బు, పోయినన్ని అవకాశాలు మిగతావన్నీ కలిపినా పోలేదు. అందుకే ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: జీతం లేకపోతే అది పని కాదు, విజిట్ వీసా మీద వెళ్లిపోవచ్చు.

వెళ్లకూడదు. యూకే విజిటర్ రూల్స్‌లో వాలంటీరింగ్‌కి చోటుంది. కానీ అది రిజిస్టర్డ్ చారిటీలోనే చేయాలి, అంతా కలిపి 30 రోజులు దాటకూడదు, మీరు వెళ్లే అసలు కారణం వాలంటీరింగ్ అయి ఉండకూడదు. చాలామంది ఈ మూడో షరతు చదవరు. చుట్టాలను చూడ్డానికి వెళ్లి ఖాళీగా ఉన్న వారంలో చారిటీలో సాయం చేస్తే తప్పులేదు. ఇంటర్న్‌షిప్ కోసమే వెళ్తుంటే మూడు వారాలకైనా విజిట్ వీసా పనికిరాదు. ఎయిర్‌పోర్టులో ఆఫీసర్ అడిగినప్పుడు బ్యాగులో ఆఫర్ లెటర్ కనిపిస్తే అక్కడి నుంచే వెనక్కి పంపొచ్చు. ఆ తర్వాత వేసే ప్రతి యూకే అప్లికేషన్‌లోనూ ఆ విషయం రాయాలి. ఫారంలో అబద్ధం చెప్పినట్టు తేలితే పదేళ్ల వరకు నిషేధం పడొచ్చు. "మా ఫ్రెండ్ అలాగే వెళ్లొచ్చాడు" అనేవాళ్ల మాట దయచేసి వినకండి. వాళ్లను ఎవరూ అడగలేదు, అంతే.

మీకు కావాల్సింది టెంపరరీ వర్క్ కింద వచ్చే చారిటీ వర్కర్ వీసా. గరిష్ఠంగా 12 నెలలు ఉంటుంది. దీనికి సంస్థకు స్పాన్సర్ లైసెన్స్ ఉండాలి. లైసెన్స్ ఉన్న సంస్థల జాబితాను యూకే ప్రభుత్వం తన సైట్‌లో అందరికీ కనిపించేలా పెడుతుంది. ఆఫర్ వచ్చిన రోజే అందులో పేరు వెతకండి. సంస్థ మీకు సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్ (సీఓఎస్) ఇస్తుంది. అది కాగితం కాదు, ఒక నంబరు. ఇచ్చిన మూడు నెలల్లోపు వాడుకోవాలి. పని మొదలయ్యే తేదీకి మూడు నెలల ముందు నుంచి వీసాకి అప్లై చేయొచ్చు. మామూలుగా మూడు వారాల్లో నిర్ణయం వస్తుంది. "సీఓఎస్ ఇప్పిస్తాం, ఇంత ఇవ్వండి" అని ఎవరైనా అంటే అక్కడితో మాట్లాడడం ఆపేయండి.

అపోహ: నాన్నగారి అకౌంట్‌లో డబ్బు చూపిస్తే చాలు.

స్టూడెంట్ వీసాకి చెల్లుతుంది, దీనికి చెల్లదు. ఖర్చు భరిస్తామని సంస్థ సీఓఎస్‌లో రాయకపోతే 1,270 పౌండ్లు మీ పేరు మీదున్న అకౌంట్‌లో వరుసగా 28 రోజులు ఉండాలి. ఆ 28వ రోజుకీ అప్లై చేసే రోజుకీ మధ్య 31 రోజులకు మించి తేడా ఉండకూడదు. దెబ్బ తగిలేది ఎక్కడంటే, సరిగ్గా అంతే డబ్బు వేసి ఊరుకుంటారు. పదిహేనో రోజున ఫోన్ ఈఎంఐ కట్ అయి బ్యాలెన్స్ కాస్త తగ్గుతుంది. ఒక్క రోజు తగ్గినా లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. పైగా రూపాయి మారకం కూడా కదులుతుంటుంది. కాబట్టి పైన పదిహేను, ఇరవై వేలు అదనంగా ఉంచండి. ఆ నెల రోజులు ఆ అకౌంట్ నుంచి ఏ ఆటో డెబిట్ లేకుండా చూసుకోండి. బంగారం, షేర్లు లెక్కలోకి రావు.

ఇంట్లోవాళ్లు ఉలిక్కిపడే ఖర్చు ఇంకొకటుంది. ఆరు నెలలు దాటే వీసా అయితే అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం హెల్త్ సర్‌చార్జ్ ఏడాదికి 1,035 పౌండ్లు అప్లికేషన్‌తో పాటే కట్టాలి. వీసా రాకపోతే అది తిరిగొస్తుంది, వీసా ఫీజు మాత్రం రాదు. ఈ డబ్బు ఎవరు కడతారని ఇంటర్వ్యూలోనే అడగండి. అలా అడగడం మర్యాద తక్కువేమీ కాదు. ఆరు నెలలు దాటితే గుర్తింపు ఉన్న క్లినిక్‌లో టీబీ పరీక్ష కూడా తప్పదు, ఆ సర్టిఫికెట్ ఆరు నెలలే చెల్లుతుంది. సెప్టెంబరులో వెళ్లాలంటే మే నెలలో పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ (పీసీసీ), టీబీ పరీక్ష, జూన్ మొదటి వారంలో డబ్బు, జూలై మొదట్లో అప్లికేషన్. పిల్లలతో పనిచేయించే సంస్థలు పీసీసీ అడుగుతాయి. పాస్‌పోర్టులో పాత అడ్రస్ ఉంటే వెరిఫికేషన్ ఆలస్యమవుతుంది.

ఐఈఎల్‌టీఎస్ లేకపోతే వీసా రాదంటారు. ఈ వీసాకి ఇంగ్లిష్ పరీక్షే లేదు, కోచింగ్ ఫీజు మిగుల్చుకోండి. ఈ వీసాతో శాశ్వత నివాసం వస్తుందంటారు. అందుకు ఇది దారి కాదు.

అపోహ: శాంతి సంస్థ అంటే సమావేశాలు, చర్చలు, నివేదికలు.

ఉత్తర ఐర్లండ్‌లోని కోరిమీలా అనే శాంతి సంస్థనే చూడండి. రెండో ప్రపంచ యుద్ధంలో బందీగా డ్రెస్డెన్ బాంబు దాడి చూసిన పాస్టర్ రే డేవీ 1965లో దీన్ని మొదలుపెట్టారు. దాని కేంద్రం బాలీకాసిల్ దగ్గర సముద్రపు ఒడ్డున ఉంది. ఉత్తర ఐర్లండ్‌లో కేథలిక్, ప్రొటెస్టెంట్ వర్గాల మధ్య 3,500 మందికి పైగా ప్రాణాలు తీసిన ఘర్షణలు 1998 శాంతి ఒప్పందంతో చాలావరకు ఆగాయి. కానీ ఇప్పటికీ అక్కడ ఎక్కువమంది కేథలిక్, ప్రొటెస్టెంట్ పిల్లలు వేర్వేరు బళ్లలోనే చదువుతారు. ఆ రెండు రకాల బళ్ల పిల్లలు ఒకే చోట రాత్రి ఉండి, కలిసి తిని, మాట్లాడుకునేలా చేయడమే ఇలాంటి కేంద్రాల పని. కాబట్టి వాలంటీర్ చేతికి వచ్చేవి దుప్పట్లు మార్చడం, వంటింట్లో గిన్నెలు కడగడం, గదిలో బల్లలు తీసేసి కుర్చీలు గుండ్రంగా వేయడం. మధ్యలో బల్ల ఉంటే పిల్లలు దాని వెనక దాక్కుంటారు. రెండు బళ్లవాళ్లూ చెరో పక్క కూర్చోకుండా పేర్ల కార్డులు ముందే కలిపి పెట్టాలి. ఎవరు మాట్లాడకుండా తలుపు దగ్గరే నిలబడ్డారో గమనించి, టీ టైమ్‌లో వాళ్ల పక్కన కూర్చోవాలి. "నువ్వు కేథలిక్‌వా?" అని అడగకూడదు. అక్కడి రెండో పెద్ద నగరాన్ని ఒకరు డెర్రీ అంటారు, ఇంకొకరు లండన్‌డెర్రీ అంటారు. ఎదుటివాళ్లు ఏ పేరు వాడితే మీరూ అదే వాడండి. సెల్టిక్, రేంజర్స్ ఫుట్‌బాల్ జట్ల జెర్సీలు ఇంట్లోనే వదిలేయండి, అక్కడ ఒక్కో జట్టు ఒక్కో వర్గానికి గుర్తు. ఇదంతా చిన్న పని అనుకునేవాళ్లు రెండో నెలకే నీరసపడతారు. ఇదే అసలు పని అని తెలిసి వెళ్లినవాళ్లకు ఆ ఏడాది చేతినిండా, మనసునిండా ఉంటుంది.

టికెట్ విషయంలో చివరి జాగ్రత్త. డబ్లిన్‌కి చవగ్గా దొరికింది, అక్కడి నుంచి బెల్‌ఫాస్ట్‌కి బస్సులో రెండు గంటలేనని చాలామంది బుక్ చేస్తారు. డబ్లిన్ ఇంకో దేశంలో ఉంది. చారిటీ వర్కర్ వీసాతో అక్కడ దిగలేరు, ఐర్లండ్ వీసా విడిగా కావాలి. సరిహద్దులో ఆపేవాళ్లు కనిపించరు గానీ, తర్వాత సెలవుల్లో డబ్లిన్ చూసి రావాలన్నా ఇదే రూల్. లండన్ మీదుగా బెల్‌ఫాస్ట్‌కే టికెట్ తీసుకోండి.