కథ ఒక పత్రికకే పంపాలన్న షరతు ఎక్కడి నుంచి వచ్చింది?

తెలుగు పత్రికకు కథ పంపాలంటే ఇప్పటికీ హామీపత్రం జత చేయాల్సిందే. ఇది నా సొంత రచన, అనువాదమో అనుకరణో కాదు, ఎక్కడా అచ్చు కాలేదు, మరే పత్రిక పరిశీలనలోనూ లేదు. మొదటి మూడింటితో ఎవరికీ పేచీ లేదు. చిరాకంతా నాలుగోదాని మీదే: ఆర్నెల్లయినా ఉలుకూ పలుకూ లేని పత్రిక కోసం కథని ఎందుకు కట్టిపడేయాలి అని. న్యాయమైన ప్రశ్నే, కానీ ఆ షరతు నాటుకున్న రోజుల్లో లెక్క వేరు.

1910లో గురజాడ ‘దిద్దుబాటు’ ఆంధ్రభారతిలో వచ్చేనాటికి పత్రికలూ తక్కువే, కథలు రాసేవాళ్లూ తక్కువే. 1924లో మద్రాసు నుంచి భారతి మొదలైంది. తర్వాత వారపత్రికల కాలం: 1952లో ఆంధ్రప్రభ, 1967లో ఆంధ్రజ్యోతి, 1984లో స్వాతి. చదివేవాళ్లు పెరిగారు, వాళ్లలోంచే రాసేవాళ్లూ పుట్టుకొచ్చారు, సంపాదకుల బల్లల మీద కవర్లు గుట్టలు పడ్డాయి. దీపావళి, సంక్రాంతి సంచికలకి కథలు ముందే ఎంచి, బొమ్మలు వేయించి, పేజీలు కట్టేశాక అదే కథ పక్క పత్రికలో కనిపిస్తే పరువు పోయేది సంపాదకుడిదే కదా. అందుకే ఆ హామీ.

పాత నియమాలన్నిటికీ ఇలాంటి కారణమే ఉంటుంది. కాగితానికి ఒకవైపే రాయమన్నది అక్షరాలు చేత్తో పేర్చే కంపోజిటర్ల కోసం, ఎందుకంటే ఠావులు విడదీసి ఇద్దరు ముగ్గురికి పంచితే వెనకవైపు రాసింది ఎవరి దగ్గర ఉంటుంది?

రచయిత వైపు నుంచి చూసినా అప్పట్లో ఆ షరతు పెద్ద బరువేం కాదు. జిరాక్సు లేని రోజుల్లో పాతిక పేజీల కథకి ఇంకో ఫెయిర్ కాపీ రాయడమంటే వేళ్లు పడిపోయేవి, కార్బన్ కాపీని చూస్తేనే సంపాదకులకి అనుమానం. పైగా బదులుగా ఒకటి దక్కేది. సొంత చిరునామా రాసి, స్టాంపులు అతికించిన కవరు జత చేస్తే, నచ్చని కథ ఓ అచ్చు చీటీతో తిరిగొచ్చేది. ఇంటికొచ్చిన బరువైన కవరు చూసి గుండె జారేది నిజమే, కానీ మర్నాడే ఇంకో పత్రికకి పంపుకోవచ్చు. స్టాంపులు పెట్టినా తిరిగి రాని కథలు లేకపోలేదు.

ఈమెయిల్ వచ్చాక ఆ కవరు పోయింది. పంపడానికి ఖర్చు లేదు కాబట్టి వచ్చే కథలు ఎక్కువ, చూసే మనుషులు తక్కువ, కాబట్టి జవాబూ పోయింది. హామీ మాత్రం మిగిలింది, నా దృష్టిలో గొడవంతా ఇక్కడే ఉంది. రచయిత మాట రచయిత నిలబెట్టుకుంటున్నాడు, అవతలివైపు మాట ఎప్పుడో గాలికి పోయింది. 1991లో భారతి ఆగిపోయింది, కొవిడ్ కాలంలో చతుర, విపుల లాంటివీ అచ్చు ఆపేశాయి, ఉన్న నాలుగు చోట్లలో ఒక్కోచోట ఆర్నెల్లు ఆగితే కథకి రెండేళ్లు నిండుతాయి.

1998లో అమెరికా తెలుగువాళ్లు మొదలుపెట్టిన ఈమాటతో వెబ్ పత్రికల దారి తెరుచుకుంది. అయితే వీటిలో చాలావాటికి ఫేస్‌బుక్‌లో పెట్టినా ప్రచురించినట్టే లెక్క, అంటే హామీ ఇంకా పొడుగైంది. ఇన్ని వారాల్లో జవాబు రాకపోతే మీ కథ మీదే అని గడువు చెప్పే పత్రికలూ ఉన్నాయి. తిరుగు కవరు చేసిన పనిని ఆ ఒక్క వాక్యం చేస్తోంది, మిగతావాళ్లు అదైనా ఎందుకు రాయరో అర్థం కాదు.