రోవనియేమి: బూడిదైన ఊరు సాంటా ఊరెలా అయింది?

డిసెంబరులో ఫిన్లాండ్‌లోని రోవనియేమికి వెళ్ళేవాళ్ళ ప్రోగ్రామ్ దాదాపు ఒక్కటే. సాంటాతో ఫోటో, రెయిన్‌డీర్ బండి, హస్కీ కుక్కల స్లెడ్జి, రాత్రికి స్నోమొబైలెక్కి (మంచు మీద నడిచే మోటారు బండి) అరోరా కోసం, అంటే ఉత్తరాది ఆకాశంలో మెరిసే రంగుల వెలుగుల కోసం గాలింపు. జనాభా 65 వేల చిల్లర ఉన్న ఊళ్ళో 2023లో టూరిస్టుల బసలు దాదాపు 12 లక్షలు. 2024లో స్థానికులు వీధిలోకొచ్చి నిరసన తెలిపారు. ఫ్లాట్లన్నీ రోజువారీ అద్దెలకు పోతున్నాయనీ, ఊళ్ళో ఉండేవాళ్ళకు ఇళ్ళు దొరకట్లేదనీ వాళ్ళ గోడు. ఇదేదో ఇన్‌స్టాగ్రామ్ తెచ్చిన గొడవ అనిపిస్తుంది గానీ, మూలం 1944లో ఉంది.

ఆ సెప్టెంబరులో ఫిన్లాండ్ సోవియట్ యూనియన్‌తో సంధి చేసుకుంది. అప్పటిదాకా పక్కనే నిలబడి పోరాడిన జర్మన్ సైన్యాన్ని ఇప్పుడు తరిమేయాల్సి వచ్చింది. వెనక్కి పోతూ పోతూ జర్మన్లు రోవనియేమి ఉన్న ఉత్తర ప్రాంతం లాప్‌లాండ్‌ను తగలబెట్టారు. అక్టోబరులో రోవనియేమిలో దాదాపు 90 శాతం కట్టడాలు నేలమట్టమయ్యాయి. తర్వాత ఆర్కిటెక్ట్ ఆల్వార్ ఆల్టో రెయిన్‌డీర్ తల, కొమ్ముల ఆకారంలో కొత్త ఊరికి ప్లాను గీశాడు. ఆ పునర్నిర్మాణాన్ని చూడ్డానికి 1950 జూన్‌లో అమెరికా దివంగత అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ భార్య ఎలియనోర్ రూజ్‌వెల్ట్ వస్తున్నారనేసరికి, ఊరికి 8 కిలోమీటర్ల దూరంలో, ఆర్కిటిక్ వలయం (ఉత్తర ధ్రువ ప్రాంతానికి హద్దుగా భూమి చుట్టూ ఊహించుకునే గీత) దగ్గర హడావిడిగా ఓ దుంగల గుడిసె కట్టారు. అది ఇప్పటికీ అక్కడే ఉంది. టూరిజం ఆ గుడిసె చుట్టూనే పెరిగింది.

సాంటా మాత్రం అక్కడివాడు కాడు. 1927లో ఫిన్నిష్ రేడియోలో పిల్లల కార్యక్రమం నడిపిన ‘మార్కస్ మామయ్య’ సాంటా ఇల్లు కోర్వతుంతురి కొండ మీద ఉందని చెప్పాడు. ఆ కొండ రష్యా సరిహద్దు మీద, జనసంచారం లేని అడవిలో ఉంది. అక్కడికి టూరిస్టుల్ని తీసుకెళ్ళే వీల్లేదు. అందుకే సాంటాకు ‘ఆఫీసు’ రోవనియేమి విమానాశ్రయం దగ్గర పెట్టారు. 1984 క్రిస్మస్‌కు లండన్ నుంచి టూరిస్టులతో కాంకార్డ్ (ధ్వని కన్నా వేగంగా ఎగిరే విమానం) దిగింది, 1985లో సాంటా విలేజ్ తెరిచారు. అక్కడ నేల మీద గీసిన ఆర్కిటిక్ వలయం గీత కూడా కచ్చితమైనది కాదు. భూమి అక్షం వాలు కొద్దికొద్దిగా మారుతుండటంతో అసలు వలయం ఏటా సుమారు 14 మీటర్లు ఉత్తరానికి జరుగుతోంది, గీత ఉన్నచోటే ఉంది. దాని మీద నిలబడి ఫోటో దిగేవాళ్ళకు ఆ పట్టింపు లేదు.

అసలు పేచీ సామీల విషయంలో ఉంది. వీళ్ళు ఈ ప్రాంతపు ఆదివాసులు. ఫిన్లాండ్‌లో చట్టం గుర్తించిన వాళ్ళ స్వస్థలం ఎనోంటెకియో, ఇనారి, ఉత్సయోకి, సోదన్‌క్యుల ఉత్తర భాగం. రోవనియేమి అందులో లేదు. రెయిన్‌డీర్ల పెంపకం వాళ్ళ జీవనమే, కానీ ఫిన్లాండ్‌లో ఆ హక్కు వాళ్ళకొక్కరికే లేదు, మిగతా స్థానికులూ పెంచుకోవచ్చు. హస్కీలదైతే మరీ విచిత్రం. సైబీరియా, అలాస్కాల్లో స్లెడ్జి లాగే ఆ కుక్కలు లాప్‌లాండ్‌కు టూరిజంతో పాటే వచ్చాయి. సామీల కుక్కలు మందను కాసేవి, బండి లాగే పని రెయిన్‌డీర్‌ది. స్నోమొబైల్ కూడా మొదట సరదా బండేం కాదు. 1960ల్లో కాపరులే కొన్నారు, పెట్రోలు ఖర్చు భరించలేని చిన్న కాపరులు ఆ పనే మానుకున్నారు.

టూరిస్టుల కోసం సామీలు కానివాళ్ళు సామీ దుస్తులను పోలిన వేషాలు కట్టడం, ఉత్తుత్తి పూజలు జరపడం ఏళ్ళ తరబడి నడిచింది. ఆ దుస్తుల్ని చూస్తే మనిషిది ఏ ప్రాంతమో, ఏ కుటుంబమో పోల్చుకోవచ్చు, కాబట్టి సామీలకు అది ఊరికే వేషం కాదు. 2018లో ఫిన్లాండ్‌లో సామీలు ఎన్నుకునే ప్రతినిధి సభ, సామీ పార్లమెంటు, బాధ్యతాయుత టూరిజానికి నైతిక మార్గదర్శకాలు తెచ్చింది. మంచి పనే, కానీ వాటికి చట్టబలం లేదు. పాటించడం, పాటించకపోవడం కంపెనీల ఇష్టం.

ఇళ్ళ విషయంలో 2024 నాటికే చట్టం ఉంది. నివాసానికి కట్టిన భవనాల్లో వృత్తిగా వసతి వ్యాపారం చేయకూడదని అది చెప్పింది. నిరసనకారులు కొత్త చట్టం అడగలేదు, ఉన్నదాన్ని అమలు చేయమన్నారు. కానీ తమ ఫ్లాటును సీజన్లో అద్దెకిచ్చి సంపాదించుకుంటున్న వాళ్ళలో ఆ ఊరివాళ్ళూ ఉన్నారు.