పేరు ఉంటే ఒరిజినలేనా? పాత కార్ల పార్టులు: అపోహలు - వాస్తవాలు

పోయిన నెల తెనాలి నుంచి ఒక రిటైర్డ్ లెక్చరర్ గారు పాత కార్లు బాగుచేసే మా షెడ్డుకొచ్చారు. వాళ్ల నాన్నగారి కారు, 1964 అంబాసిడర్, మార్క్ టూ మోడల్. సంచిలోంచి పేపర్లో చుట్టిన డిక్కీ హ్యాండిల్ తీసి బల్ల మీద పెట్టారు. తళతళ మెరిసిపోతోంది. "వెనకాల కంపెనీ పేరు కూడా ఉందండీ. పన్నెండు వేలు పెట్టాను. ఒరిజినలే కదా?" అన్నారు. ఆ "కదా"లోనే ఆయన టెన్షన్ అంతా ఉంది. పాతది ఏదండీ అని అడిగాను. క్రోమ్ పొక్కులు లేచిపోయిందని పాత సామాన్లవాడికి వేసేశారట.

ఇరవై రెండేళ్లుగా ఇదే వింటున్నాను. వాట్సాప్‌లో రోజుకో ఫొటో, కింద ఒకటే మాట: "పేరుంది అన్నా, చూడు." అందుకే ముందు దీని సంగతి తేలుద్దాం.

అపోహ: పేరు, నంబరు ఉంటే ఒరిజినల్.

వాస్తవం: పేరు దించడం ఈ పనిలో అన్నిటికంటే సులువు. ఎవరూ కూర్చుని చెక్కక్కర్లేదు. ఒరిజినల్ పార్టునే ఇసుకలో ఒత్తి, అచ్చు తీసి, లోహం పోస్తే పేరు, నంబరు, గీతలతో సహా దిగిపోతాయి. అయితే ఆ పద్ధతిలోనే దొంగ దొరికిపోయే దారి కూడా ఉంది. కరిగిన లోహం చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది. అల్యూమినియమైతే నూటికి దాదాపు 1.3 వంతు. ఫ్యాక్టరీవాళ్లు ఈ లెక్క ముందే వేసుకుని అచ్చును ఆ మేరకు పెద్దగా చేయిస్తారు. కాపీ కొట్టేవాడు ఒరిజినల్ పార్టుతోనే అచ్చు తీస్తాడు కాబట్టి, వాడు పోసింది దానికన్నా చిన్నగా వస్తుంది.

లెక్చరర్ గారి ముందే వెర్నియర్ (మిల్లీమీటరులో వంతులు కూడా కొలిచే స్కేలు) తీశాను. మా దగ్గరున్న పాత హ్యాండిల్‌కి రెండు బోల్టు రంధ్రాల మధ్య 150 మి.మీ. ఉంది. ఆయన తెచ్చినదానికి 148. ఆయన ముఖం చూడలేకపోయాను. రెండు మిల్లీమీటర్లేగా అనుకోవద్దు. ఇక్కడే కొందరు మేస్త్రీలు డ్రిల్లు పట్టుకుని డిక్కీ రేకుకి కొత్త రంధ్రం కొట్టేస్తారు. డబ్బు పోతే పోయింది, అరవై ఏళ్ల రేకు పాడవుతుంది. పార్టు కోసం బాడీని కోసే మేస్త్రీ దగ్గర బండి ఒక్క పూట కూడా ఉంచకండి.

కొలవడానికి పాతది లేకపోతే? వెనక్కి తిప్పి చూడండి. ముందు భాగం ఎవడైనా మెరిపిస్తాడు, వెనక మీద ఎవడూ అంత శ్రద్ధ పెట్టడు. ఆ కాలం హ్యాండిళ్లు, బ్యాడ్జీలు ఎక్కువగా జింకు మిశ్రమంతో డైకాస్టింగ్ చేసినవి, అంటే కరిగిన లోహాన్ని ఉక్కు అచ్చులోకి ఒత్తిడితో పంపి చేసినవి. వెనక నున్నగా ఉంటుంది, అక్షరాల అంచులు పదునుగా ఉంటాయి, అచ్చులోంచి బయటికి నెట్టిన పిన్నుల గుండ్రటి గుర్తులు కనిపిస్తాయి. ఇసుకలో పోసినదానికి వెనక గరుకుగా ఉంటుంది, అక్షరాలు సగం అరిగిన సబ్బు మీది పేరులా ఉంటాయి, ఆకురాయి గీతలు కూడా పడి ఉంటాయి. చేతిలో పెట్టుకుంటే బరువు కూడా చెబుతుంది. అల్యూమినియం కంటే జింకు మిశ్రమం దాదాపు రెండున్నర రెట్లు బరువు. ఇత్తడిదైతే జింకు కంటే కూడా బరువు.

ఇంకో మెలిక ఉంది. పేరు నిజమైనదే అయినా ఆ పార్టు మీ కారుది కాకపోవచ్చు. కార్ల కరెంటు సామాన్లు చేసే లూకాస్ వాళ్ల డైనమోలు (బ్యాటరీని ఛార్జ్ చేసేవి), డిస్ట్రిబ్యూటర్ల (ప్లగ్గులకు కరెంటు పంచేవి) మీద పార్టు నంబరుతో పాటు తయారైన తేదీని అంకెల్లో కొట్టేవారు. 1959 కారులో 71, అంటే 1971, అని ఉన్న డైనమో కనిపిస్తే అది ఒరిజినల్ లూకాసే, కానీ ఆ కారుతో పుట్టింది కాదు. ఇక లూకాస్-టీవీఎస్ అనే మన దేశపు కంపెనీ మద్రాసులో మొదలైందే 1961లో. 1959 బండికి ఆ పేరున్న పార్టు "పుట్టినప్పటి నుంచీ ఉంది" అని ఎవరైనా అంటే టీ తాగి వచ్చేయండి.

అపోహ: సీలు తీయని పాత డబ్బాలో ఉంటే ఇక అనుమానమే లేదు.

ఇందులో నేనూ మునిగాను. షెడ్డు పెట్టిన కొత్తలో ఒకాయన దగ్గర "1968 స్టాకు" అంటూ స్పార్క్ ప్లగ్గులు పది డబ్బాలు కొన్నాను. డబ్బాలు పసుపెక్కి, మూలలు నలిగి, చూడముచ్చటగా ఉన్నాయి. మా ఆవిడ పోస్టాఫీసులో ఉద్యోగి. ఒక డబ్బా తీసుకుని అడ్రస్ చదివి, "68లో పిన్ కోడ్ ఎక్కడిదండీ?" అంది. పిన్ కోడ్ వచ్చింది 1972 ఆగస్టు 15న. అప్పటి నుంచి నేను పార్టు కంటే ముందు డబ్బా చదువుతాను. అడ్రస్ ఇంగ్లీషులో ఉంటే, 1996కి ముందు డబ్బా మీద చెన్నై అని ఉండదు, మద్రాసే. ముంబై అని ఉంటే 1995 తర్వాతది, కోల్‌కతా అని ఉంటే 2001 తర్వాతది. టీ నీళ్లతో కాగితాన్ని ముసలిదాన్ని చేయొచ్చు కానీ ఊరి పేరు దగ్గర దొరికిపోతారు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

తుప్పు ఉంటే పాతదే అంటారు. ఉప్పునీళ్లలో నాలుగు రోజులు పడేస్తే మీ వంటింటి అట్లకాడ కూడా పాతదవుతుంది.

రెండో ప్రపంచ యుద్ధం నాటి జీపు అంటూ ఫొటోలు పంపిస్తారు. ముందు జాలీలో సందులు లెక్కపెట్టండి. యుద్ధకాలపు రేకు జాలీకి తొమ్మిది, ఆ తర్వాత వచ్చిన సివిల్ జీపులకు ఏడు. ఫోర్డు చేసిన యుద్ధం జీపుల బోల్టుల మీద ఎఫ్ అక్షరం ఉంటుందన్నది నిజమే. ఇప్పుడు ఎఫ్ ఉన్న కొత్త బోల్టులు కూడా అమ్ముతున్నారు.

ఒరిజినల్ అయితే మంచిదే అని కళ్లు మూసుకోకండి. నలభై ఏళ్లు డబ్బాలో పడి ఉన్న బ్రేకు గొట్టం నూటికి నూరుపాళ్లు ఒరిజినలే, రబ్బరు మాత్రం లోపల పెళుసెక్కి ఉంటుంది. బ్రేకు, టైరు, పెట్రోలు పైపు దగ్గర సెంటిమెంటు వద్దు, కొత్తవే వేయండి. రీప్రొడక్షన్ (పాతదాని నమూనాలో కొత్తగా చేసింది) అని చెప్పి రీప్రొడక్షన్ ధరకే అమ్మేవాళ్లు దొంగలు కారు. వాళ్లు లేకపోతే మా షెడ్డు మూతపడుతుంది.

ఒక్క డూప్లికేట్ పార్టు ఉన్నా వింటేజ్ రిజిస్ట్రేషన్ రాదని కొందరికి నిద్ర పట్టదు. 2021 రూలు ప్రకారం బండికి మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి, అసలు రూపంలోనే ఉండాలి, ఛాసిస్ (అడుగు చట్రం), బాడీ షెల్ (పై రేకు తొడుగు), ఇంజిన్‌లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. టెయిల్ ల్యాంపు అద్దం కొత్తదని భయపడకండి. డిక్కీకి డ్రిల్లు కొట్టించే ముందు భయపడండి.

లెక్చరర్ గారిని ఆ సాయంత్రమే వెంటబెట్టుకుని తెనాలి వెళ్లాను. నయం, పాత సామాన్లవాడు సరుకు ఇంకా పైకి పంపలేదు. అల్యూమినియం గిన్నెల బస్తాలో అడుగున దొరికింది. నూట యాభై తీసుకున్నాడు. రంధ్రాల మధ్య వెర్నియర్ పెడితే 150.

పొక్కులు పడిన జింకు మీద మళ్లీ క్రోమ్ పూత తేలిక కాదు. గుంటలు శుభ్రం చేసి, రాగి పూతతో నింపి, అరగదీసి, ఆ మీద నికెల్, ఆ మీద క్రోమ్. ఇద్దరు ప్లేటింగ్‌వాళ్లు మా వల్ల కాదన్నారు, మూడో ఆయన రెండు నెలలు అడిగాడు. అప్పటిదాకా కారుకి ఆ పన్నెండు వేల హ్యాండిలే ఉంటుంది. దాని రంధ్రాలే ఆకురాయితో సాగదీసి బిగించాను, డిక్కీ రేకు ముట్టుకోలేదు.